ఒడిలో పడిన కడియం

యామిని నంద్యాల రీజనల్ మేనేజరు కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి తల్లి కమలమ్మకు కుదురు లేదు. ఆళ్లగడ్డలో చిల్లర అంగడి పెట్టుకుని బతికిన ఓబులేసుశెట్టి కూతురు బ్యాంకులో గుమాస్తాగా చేరింది. పరీక్ష మీద పరీక్ష రాసి ఆఫీసరైంది. బీదర్ అని, కటక్ అని, నాగపూర్ అని దేశమంతా తిరిగి, ఇన్నాళ్లకు సొంత గడ్డకే పెద్ద అధికారిగా వచ్చింది. ఏ తల్లయినా పొంగిపోతుంది. కమలమ్మ కూడా పొంగింది. ఆ మరుక్షణమే భయపడింది. జూపాడు బంగ్లా నుంచి దొర్నిపాడు దాకా బ్రాంచీలు చూస్తా కారులో తిరుగుతుంది కదా, ఏ లారీ గుద్దుతుందో అని భయం. లోను ఇవ్వనంటే ఎవడు పగబడతాడో, ఇస్తే ఎవడు అర్జీ పెడతాడో అని భయం. ఇవన్నీ కాకుండా దిష్టి భయం ఎటూ ఉండనే ఉంది.

ఆ భయంలోనే పోయినవారం ఆమె కూతుర్ని అడక్కుండా ఒక మాట ఇచ్చేసింది. ఆళ్లగడ్డ నుంచి మొగుడికి వరసకు తమ్ముడయ్యే విశ్వేశ్వరయ్య ఫోన్ చేసి, "వదినా, మా గోత్రం ఆడబిడ్డ ఇంత పెద్దదై వచ్చింది. మా ఇంట్లో ఒడిబియ్యం పోస్తాం, తోలుకొని రా" అన్నాడు. ఓబులేసుశెట్టి పోయినప్పటి నుంచి యామినికి ఒడి నింపే పుట్టిల్లు లేదు. తోడబుట్టినవాళ్లు లేరు. నిండని ఒడి అల్లుడు మురళీధర్‌కు ఏం కీడు తెస్తుందో అని ఏళ్ల తరబడి కుమిలిన తల్లికి ఆ పిలుపు దేవుడు పంపినట్టే అనిపించింది. "వస్తామప్పా" అనేసింది.

ఆ సంగతి విని యామిని చేతిలోని ఫైలు మూసింది. "ఒప్పుకున్నాక ఏం చేస్తాం? బియ్యం, కొబ్బరి, రవికెగుడ్డ. అంతే. ఫొటోలు వద్దు, శాలువాలు వద్దు. చెప్పేసెయ్" అంది. కమలమ్మ చెప్పింది. విశ్వేశ్వరయ్య సరేనన్నాడు.

శుక్రవారం పొద్దున కారు ఆళ్లగడ్డలోకి తిరిగిందో లేదో, మొదటి మలుపులోనే ఇంత పొడవు ఫ్లెక్సీ కనిపించింది. 'మా ఇంటి ఆడబిడ్డ రీజనల్ మేనేజర్ యామిని గారికి స్వాగతం.' పక్కనే చేతులు జోడించిన విశ్వేశ్వరయ్య.

"మేడమ్ ఫొటో కంటే ఆయప్పదే పెద్దగుండాది కదమ్మా" అన్నాడు డ్రైవర్ ఇమ్రాన్, నవ్వాపుకుంటా.

యామిని నవ్వలేదు. తల్లివైపు తిరిగి, "ఏందమ్మా ఇది?" అంది.

"నేను వద్దనే చెప్తిని పాపా. ప్రేమెక్కువై కట్టినాడేమో" అంది కమలమ్మ. అంటూనే గుండెల మీద చెయ్యి వేసుకుంది. ఆ ఫ్లెక్సీ తాడు తెగి ఏ స్కూటరు వాడి మీదనో పడి, వాడి చావు తన కూతురి తలకు చుట్టుకుంటుందేమో అని కూడా ఒక క్షణం అనుకుంది.

విశ్వేశ్వరయ్య ఇల్లు మూడంతస్తుల మేడ. హాలు నిండా పట్టుచీరలు, మల్లెపూల వాసన. మధ్యలో ముగ్గేసి, పీట వేసి, దానిమీద యామినిని తూర్పుముఖంగా కూర్చోబెట్టారు. కాళ్లకు పసుపు రాశారు, నుదుట బొట్టు పెట్టారు. కమలమ్మను ఎవరూ వెనక్కి పొమ్మనలేదు. ఆమే పోయింది. మొగుడు పోయిన మనిషి ఒడి నింపేచోట నిలబడకూడదు. వంటింటి గడప అవతల, తలుపు చాటున నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

యామిని కొంగు ముందుకు తెచ్చి రెండు చేతులా పట్టుకుంది. విశ్వేశ్వరయ్య పెండ్లాం నాగరత్నమ్మ పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో పోసింది. తర్వాత మిగతా ముత్తయిదువలు పోశారు. వక్కలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు పడ్డాయి. రెండు ఎండుకొబ్బరి చిప్పలు ఎదురెదురుగా మూసి, పసుపు దారంతో చుట్టినవి కూడా ఒడిలో పెట్టారు. ఒడి బరువెక్కింది. కమలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లకు తన బిడ్డ ఒడి నిండుతోంది. ఆయన ఉండింటే అనుకుంది.

"ఇదో పాపా, ఈమె మా కోడలు శ్రీవాణి" అన్నాడు విశ్వేశ్వరయ్య, బియ్యం పళ్లెం పట్టుకున్న పిల్లను ముందుకు పిలిచి. "పేరుకే కోడలు. మా పత్తి మిల్లంతా ఈమె పేరు మీదనే నడిపిస్తాండాం. శ్రీవాణి కాటన్స్. నీకు ఎరికే ఉంటాదిలే."

శ్రీవాణి తల ఎత్తలేదు. యామిని మాత్రం ఎత్తింది.

కూతురి ముఖం మారడం కమలమ్మకు అంతదూరం నుంచే కనిపించింది. చిన్నప్పుడు అంగడిలో ఎవరైనా తూకం తక్కువేశావని నాయనను నిలదీస్తే, ఆ పిల్ల ముఖం ఇట్లాగే బిగుసుకునేది. కళ్లు కదిలేవి కావు.

"చిన్నాయనా, ఆ ఫైలు నా టేబుల్ మీదుంది" అంది యామిని నెమ్మదిగా.

"ఉంటాది మరి! పాతాయన రెండుసార్లు వాపసు పంపినాడు. కొత్త మిషన్లకు లోను అడిగితే ఇన్ని ఆరాలా? ఇంటి ఆడబిడ్డ వచ్చినాక ఇంక మాకేం బాధ?" విశ్వేశ్వరయ్య నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.

"ఆపండి చిన్నాయనా. ఇంతటితో చాలు."

"ఒడి మధ్యలో ఆపుతారా తల్లీ? సగం ఒడితో లేస్తే అది ఎవరికి తగులుకుంటాదో తెలీదా?" నాగరత్నమ్మ గబగబా రవికెగుడ్డ మడత తీసి ఒడిలో వేసింది. మడత జారింది. పచ్చని బియ్యం మీద బొటనవేలంత లావు బంగారు కడియం మెరిసింది.

అదే క్షణంలో మిల్లు గుమాస్తా కరుణాకర్ ఫోను పైకెత్తి రెండడుగులు ముందుకొచ్చాడు.

"ఫొటో వద్దన్నాను" అంది యామిని.

"ఒక్కటి మేడమ్. ఇంటి గుర్తుకు."

"ఏంది చిన్నాయనా ఇది?"

విశ్వేశ్వరయ్య రెండు చేతులూ చాచాడు, పాపం తనకేమీ తెలియనట్టు. "ఏముందమ్మా? పుట్టింటోళ్లు ఆడబిడ్డకు పెట్టుకునేది లంచమైతాదా? నువ్వు ఆఫీసులో మేనేజరువు. ఈడ మా బిడ్డవి. ఒడిలో పడింది తీసి పారేస్తే పుట్టింటి మీద ఉమ్మేసినట్టు. ఏమంటారమ్మా?"

ఆడవాళ్లంతా ఔనౌనన్నారు. అంత పెద్ద చదువు చదివినా ఆచారం తెలీకపోతే ఎట్లా అని ఎవరో గొణిగారు.

యామిని రెండు చేతులూ కొంగుకే కట్టుబడి ఉన్నాయి. కడియం తీయాలంటే కొంగు వదలాలి. వదిలితే ఒడిబియ్యం నేలపాలు. లేవాలంటే సగం ఒడితో లేవాలి. కూర్చునే ఉంటే కడియంతో సహా ఫొటోలో పడుతుంది. కమలమ్మకు అదంతా ఒక్కసారిగా అర్థమైంది. పెద్దగా చదువుకోలేదు గానీ, పీట మీద కూర్చున్న తన బిడ్డను కదలనీకుండా నాలుగువైపులా ఏం కట్టారో ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. ఆ తాడు కొస తన చేతిలోంచే పోయింది, వస్తామప్పా అన్న మాటతో.

ఆమె తలుపు చాటు నుంచి గడప దాకా వచ్చింది. గడప దాటితే ఏమవుతుంది? విధవ చెయ్యి నిండు ఒడిలో పెడితే బిడ్డకే కీడు. అల్లుడు బెంగళూరులో రోజూ మోటారుసైకిలు మీద పోతాడు. దేవుడా. శ్రీశైలం మల్లన్నా. అనుకుంటూనే గడప దాటింది.

"అక్కా, నువ్వు యాడికొస్తాండావ్?" నాగరత్నమ్మ కేక పెట్టింది. "ఆ చెయ్యి ఈడ పెట్టగాకు!"

కమలమ్మ పెట్టింది. బియ్యంలో వేళ్లు దూర్చి కడియం బయటికి తీసింది. ఎవరో 'అపశకునం' అన్నారు. ఆ మాట కమలమ్మ గుండెలో సూదిలా దిగింది. అయినా కడియాన్ని పళ్లెంలో, అందరికీ కనిపించేట్టు పెట్టింది.

"ఏం విశ్వేశ్వరయ్యప్పా, మా ఆయప్ప పోయిన దినాన ఈ పుట్టిల్లు యాడ ఉండింది?" అంది. అంతటితో ఆగలేదు. "పాప రైలెక్కి దేశాలు పట్టుకుని పోతా ఉంటే ఒక్కనాడు వాకిట్లోకి వచ్చి, బాగుండావా అని అడిగినావా? కుర్చీ కనపడినాక గోత్రం గ్యాపకం వచ్చిందా? మేం వచ్చింది బియ్యానికి. బియ్యం చాలు. ఓ కరుణాకరూ, నీ ఫోనులో ఇదీ పట్టినావా? పట్టు. నా చెయ్యి బాగా కనపడేట్ల పట్టు."

కరుణాకర్ ఒకటి నొక్కి, ఫోను దించేశాడు.

"ముసల్దానికి మతి చెడింది" అన్నాడు విశ్వేశ్వరయ్య. ముఖంలో ఎక్కడా నవ్వు మిగల్లేదు. "నీ బిడ్డ ఒడి నువ్వే చెరుపుకుంటివి. రేపు ఏమన్నా అయితే మమ్మల్ని అనగాకు."

యామిని నింపాదిగా కొంగు ముడి వేసుకుంది. పద్ధతి ప్రకారం ఒడిలోంచి ఇన్ని బియ్యం తీసి పళ్లెంలో వాపసు పోసింది. తర్వాతే లేచింది.

"మా అమ్మ చెయ్యి పడిన ఒడి చెడదు చిన్నాయనా" అంది. "ఇంకోమాట. నన్ను మీ ఇంటి ఆడబిడ్డనని ఊరంతా ఫ్లెక్సీ కట్టి చెప్పినారు. చుట్టాల లోన్లు మా చేత్తో చూడకూడదు, అది మా రూలు. ఇయ్యాలే పైఆఫీసుకు రాస్తాను. మీ ఫైలు ఇంకొకరు చూస్తారు. ఈ కడియం సంగతి కూడా రాస్తాను."

ఇంత ఖర్చు పెట్టి కట్టుకున్న చుట్టరికమే తన ఫైలును ఆమె చేతుల్లోంచి లాగేసిందని విశ్వేశ్వరయ్యకు అప్పటికి తెలిసొచ్చింది.

కారు ఆళ్లగడ్డ దాటింది. ఒడిబియ్యం మూట ఇద్దరి మధ్యలో ఉంది.

"నేనేం చేసినాను పాపా?" కమలమ్మ ఏడుపు అప్పుడు బయటికొచ్చింది. "ఒడిలో నా చెయ్యి పెడితిని. మురళికి ఫోన్ చెయ్యి. బండి మెల్లగా తోలమని చెప్పు. ఈ వారం బండి ఎక్కొద్దని చెప్పు."

"అమ్మా, ఆయన ఆఫీసులో కూర్చుని కాఫీ తాగుతుంటాడు."

"ఆ కాఫీ అయినా ఆర్చుకుని తాగమను."

యామినికి నవ్వొచ్చింది. తల్లి చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. "కటక్‌లో ఒక పెద్దమనిషి నా టేబుల్ కింద స్వీట్ల డబ్బా పెట్టి పోయినాడు. అప్పుడు నేను ఒంటరిగా ఎంత భయపడ్డానో నీకు తెలీదు. ఈరోజు నాకు భయం వెయ్యలేదు."

"నాకు చెప్పనే లేదే?"

"చెప్పుంటే కటక్‌కు వచ్చేసేదానివి కదా."

శిరివెళ్ల దాటుతుండగా ఫోను మోగింది. తెలియని నంబరు. యామిని స్పీకర్ నొక్కింది.

"వదినా, నేను శ్రీవాణిని." గుసగుస, వెనక కుళాయి నీళ్ల చప్పుడు. "పెరట్లోంచి మాట్లాడతాండా, తొందరగా చెప్తాను. కడియాలు జత వదినా. పెద్దత్త తీసింది ఒకటే. ఇంకోటి కొబ్బరిచిప్పల లోపలుంది. అత్తమ్మ పెట్టి దారం చుడతా ఉంటే చూసినాను. ఫొటోలో ఒకటి, మీ ఇంట్లో ఇంకోటి ఉండాలని మొదటినుంచీ వాళ్ల ఆలోచన. మీరు అట్ల లేచి పోయినాక మామ ఎవరికో ఫోన్ చేసినాడు. 'వాళ్లు నంద్యాల చేరేసరికి ఇంటికాడ ఉండండి' అన్నాడు. నా పేరు మీద మిల్లంటే సంతకాలు పెట్టేది మటుకే నేను. నాకు వేరే ఏమీ తెలీదు, ఒట్టు." ఫోను పెట్టేసింది.

ఇమ్రాన్ అడగకుండానే కారు పక్కకు తీసి ఆపాడు.

కమలమ్మ మూట విప్పింది. పచ్చని బియ్యంలో చెయ్యి పెట్టి కొబ్బరిచిప్పలు పైకి తీసింది. చేతిలో పట్టుకోగానే తెలిసిపోయింది. ఎండుకొబ్బరి అంత బరువుండదు. మెల్లగా కదిపితే లోపల ఏదో కొట్టుకుంది.

"కాలువలో పారేద్దాం" అంది వెంటనే. "కేసీ కాలువ వస్తాది కదా నాయనా? ఆడ ఆపు. ఎవరూ చూడరు. పీడ పోతాది."

"పారేస్తే నిజంగానే ఎత్తుకుపోయినట్టు అవుతుందమ్మా."

"అట్లయితే వెనక్కి పోదాం. వాళ్ల మొగాన కొట్టొద్దాం."

"వాకిట్లోకే రానియ్యరు. మేమేం పెట్టలేదు, మాకు తెలీదంటారు. అప్పుడు ఇది ఎవరి చేతిలో ఉన్నట్టు?" యామిని దారం ముడిని వేలితో తాకి, చెయ్యి వెనక్కి తీసుకుంది. "విప్పొద్దు. వాళ్లు కట్టిన ముడి వాళ్లు కట్టినట్టే ఉండాలి."

ఆమె అక్కడే, రోడ్డు పక్కనే పైఅధికారికి ఫోన్ చేసింది. ఏదీ దాచలేదు. తల్లి ఒప్పుకోవడం నుంచి కొబ్బరిచిప్పల దాకా వరసగా చెప్పింది. ఆయన మొత్తం విని, "యామినీ, వచ్చి నెలన్నా కాలేదు. ఇది బయటికొస్తే నీ కుర్చీ కష్టమే. ఈరోజుకు ఇంటికి పోవద్దు, ఎక్కడన్నా ఉండు. నేను కనుక్కుంటా" అన్నాడు.

"దాక్కుంటే ఈ ఊళ్లో మళ్లీ ఏ బ్రాంచిలోనూ తలెత్తి మాట్లాడలేను సార్. నేను ఇంటికే పోతున్నా" అంది యామిని. ఫోను పక్కన పెట్టి, "పోనీ ఇమ్రాన్, నంద్యాలకే" అంది.

కారు కదిలింది. కమలమ్మ మాట్లాడకుండా మూట కట్టి, తన ఒళ్లోకి లాక్కుంది.

"ఇట్లియ్యమ్మా, నేను పట్టుకుంటా."

"నీ చేతిలో ఉంటే బ్యాంకు చేతిలో ఉన్నట్టు. నా చేతిలో ఉండనీ. ఈ ఒడి ఒప్పుకొని వచ్చింది నేను. యాడ విప్పాలో నేనే విప్పుతా."

"అమ్మా, నీ మీద వేసుకోవద్దు."

"గమ్మునుండు మే" అంది కమలమ్మ. ఆ మాట అన్నాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. భయం పోలేదు. అయినా మూట ముడిని ఇంకోసారి గట్టిగా బిగించింది.

ఇంటి వీధి మలుపు తిరగ్గానే గేటు ముందు పోలీసు జీపు కనిపించింది. ఎదురింటి సంధ్య మిద్దె మీద నిలబడి చూస్తోంది. కింద ఇంకా ఇద్దరు ముగ్గురు గుమికూడారు. ఇమ్రాన్ వెనక్కి తిరిగి మేడమ్ ముఖం చూశాడు. యామిని తలుపు మీద చెయ్యి వేసేలోపే కమలమ్మ అటువైపు తలుపు తీసుకుని, మూట పొట్టకు అదుముకుని దిగింది.

ఎస్సై చిన్నవయసువాడు. పెద్దామెను చూసి టోపీ సర్దుకున్నాడు.

"ఆ మూటలో ఏముందమ్మా?"

"ఒడిబియ్యం నాయనా. అందులో మాది కానిదొకటి ఉండాది. మాకు తెలీకుండా పెట్టినారు. పదిమంది ముందర విప్పాలనే విప్పకుండా తెస్తాండా. దారం కూడా ముట్టుకోలేదు, చూడు. ఎవరికోసం వచ్చినారు? మా పాప కోసమే అయితే, ముందు నేను చెప్పేది రాసుకోండి."

ఎస్సై ఆమెనూ, వెనక దిగిన యామినినీ మార్చి మార్చి చూశాడు. జేబులోంచి ఒక కాగితం తీశాడు.

"మేడమ్ మీద ఎవరూ ఏమీ పెట్టలేదమ్మా. ఆళ్లగడ్డ నుంచి ఫిర్యాదు వచ్చింది. ఇంట్లో జత కడియాలు పెట్టుకుంటే, వచ్చిన చుట్టపామె అందరూ చూస్తుండగానే చెయ్యి పెట్టి తీసి, ఒకటే తిరిగిచ్చి, ఇంకోటి కొంగులో దాచుకుని పోయిందంట. సాక్షులున్నారు. ఆ చెయ్యి కనపడే ఫొటో కూడా ఉంది." చేతిలోని కాగితం చూశాడు. "కమలమ్మ అంట. ఎవరమ్మా ఇక్కడ కమలమ్మ?"

యామిని ఒక్క అంగలో ముందుకొచ్చింది. కమలమ్మ మోచేత్తో ఆమెను వెనక్కి నెట్టింది.

"నేనే" అంది.